నూనెలో నిప్పెంత?

ప్యాకెట్ వెనక కనిపించే ‘900’ ఎక్కడి నుంచి వచ్చింది? నువ్వుల నూనెకూ పామాయిల్‌కూ అదే అంకె ఎందుకు? ఉక్కు పాత్రలో నూనెను కాల్చి శక్తిని కొలిచే పద్ధతి కథ ఇది.

నూనె ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. అందులో మొదటి వరుస శక్తి. శ్రీకాకుళం జిల్లా పొందూరు బజారులో కిరాణా కొట్టు ముందు నిలబడితే తీగకు గుచ్చి వేలాడదీసిన ప్యాకెట్లు కనిపిస్తాయి. పామాయిల్, పొద్దుతిరుగుడు, వేరుశనగ, తవుడు నూనె. లోపల అరమీద నువ్వుల నూనె సీసాలు. “బాబూ, తేలిక నూనె ఏటుందో సూడు” అంటుంది నూలు వడికి ఇంటికి పోతున్న పెద్దావిడ. కొట్టతను ఒక ప్యాకెట్ తెంపి చేతిలో పెడతాడు. వెనక్కి తిప్పితే 100 గ్రాములకు 900 కిలోకెలోరీలు అని ఉంటుంది. దాని పక్క ప్యాకెట్ మీదా 900. రెండింతల ధర ఉన్న సీసా మీదా 900.

కొంతకాలంగా నూనె గురించిన మాట ఎక్కువగానే వినిపిస్తోంది. 2025 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ ‘మన్ కీ బాత్’లో ఊబకాయం గురించి చెబుతూ, ప్రతి ఇంటా నెలనెలా కొనే నూనెలో 10 శాతం తగ్గించుకోమని కోరారు. మరోవైపు గానుగ నూనెకు గిరాకీ పెరిగింది. రిఫైన్డ్ మంచిదా, గానుగది మంచిదా, ఏది తింటే ఒళ్లు పెరగదు అన్న వాదన పెళ్లి భోజనాల దగ్గర కూడా నడుస్తోంది. ఇందులో చాలా ప్రశ్నలకు జవాబు ఇంకా వాదనలోనే ఉంది. ఒక ప్రశ్నకు మాత్రం నూరేళ్ల కిందటే గట్టి జవాబు దొరికింది. ఏ నూనెలో ఎంత శక్తి ఉందన్నదే ఆ ప్రశ్న.

కాల్చి చూడడమే కొలత

పదార్థంలోని శక్తిని కొలవడమంటే దాన్ని పూర్తిగా కాల్చి, వచ్చిన వేడిని నీటికి పట్టించి, ఆ నీరు ఎంత వేడెక్కిందో చూడడం. కిలో నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించే వేడి ఒక కిలోకెలోరీ. మాటల్లో ‘కిలో’ ఎగిరిపోయి ‘కెలోరీ’ మిగిలింది. ప్రయోగశాలల్లో జౌళ్లు వాడతారు. 4.184 కిలోజౌళ్లు ఒక కిలోకెలోరీ.

పొయ్యిలో మండే మంటకూ కడుపులో అరిగే తిండికీ సంబంధమేమిటని అనుమానం రావచ్చు. నూనె మంటలో కాలినా ఒంట్లో ఖర్చయినా చివరకు మిగిలేవి బొగ్గుపులుసు వాయువు, నీరు. మొదలూ చివరా ఒకటే అయినప్పుడు మధ్య దారి ఏదైనా వెలువడే మొత్తం శక్తి మారదు. మంటలో అది క్షణాల్లో వేడిగా బయటపడుతుంది, ఒంట్లో గంటల తరబడి అంచెలంచెలుగా.

ఈ కొలతకు వాడే పరికరం బాంబ్ కెలోరీమీటర్. పేరులో బాంబు ఉన్నా పేలేదేమీ లేదు. గోడలు మందంగా ఉన్న చిన్న ఉక్కు పాత్రకు ఆ పేరు పెట్టారు. లోపల చిన్న లోహపు గిన్నెలో అర గ్రాము నూనెను, గ్రాములో పదివేలో వంతు వరకు చూపే త్రాసు మీద తూచి పోస్తారు. గిన్నె పైన రెండు కడ్డీల మధ్య సన్నని తీగ బిగించి, దానికి నూలు దారం కట్టి, రెండో కొస నూనెలో మునిగేలా వదులుతారు. పాత్ర అడుగున ఒక మిల్లీలీటరు స్వేదన జలం పోసి, మూత బిగించి, సిలిండర్ నుంచి ఆక్సిజన్ ఎక్కిస్తారు. ఒత్తిడి మామూలు గాలికి 30 రెట్లకు చేరాక ఆపుతారు. ఆ పాత్రను రెండు లీటర్ల నీరున్న బకెట్‌లో దించి, కలియబెట్టే రెక్క తిప్పుతూ ఉష్ణోగ్రత నిలకడకు వచ్చేదాకా ఆగుతారు.

బటన్ నొక్కగానే తీగ ఎర్రబడుతుంది, దారం అంటుకుంటుంది, నూనె భగ్గుమంటుంది. బయటకు చప్పుడు రాదు. థర్మామీటర్‌లో అంకెలు మాత్రం కదలడం మొదలవుతుంది. డిగ్రీలో వెయ్యో వంతు వరకు చూపే థర్మామీటర్ అది. కొన్ని నిమిషాలకు పెరుగుదల ఆగుతుంది.

అసలు పని అంతకుముందే జరగాలి. పరికరాన్ని సరిచూడడం అది. గ్రాముకు 26.4 కిలోజౌళ్లు ఇస్తుందని కచ్చితంగా తెలిసిన బెంజాయిక్ ఆమ్లం బిళ్లను ముందు కాల్చి, నీరు, ఉక్కు, బకెట్ అన్నీ కలిపి ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత వేడి కావాలో తేల్చుకుంటారు. ప్రయోగశాలల్లో సాధారణంగా కనిపించే పరికరాల్లో అది 10 కిలోజౌళ్ల చిల్లర. ఆ లెక్కన అర గ్రాము నువ్వుల నూనె కాలితే నీరు సుమారు 1.95 డిగ్రీలు వేడెక్కుతుంది. చేయి పెట్టి చూస్తే తెలియనంత తేడా. నూనెల శక్తి లెక్కంతా ఆ రెండు డిగ్రీల లోపలే ఉంది.

మూత తీశాక గిన్నెలో మసి కనిపిస్తే ఆ కొలతను పారేయాల్సిందే. నూనె పూర్తిగా కాలలేదని దాని అర్థం. మసి లేకపోతే పాత్రను స్వేదన జలంతో కడిగి, ఆ కడుగును పరీక్షిస్తారు. లోపల మిగిలిన గాలిలోని నైట్రోజన్ కొంత నైట్రిక్ ఆమ్లంగా మారి తన వంతు వేడిని కలిపి ఉంటుంది. దాన్ని లెక్క నుంచి తీసేస్తారు. దారం కాలిన వేడినీ అలాగే తీసేస్తారు.

> పొందూరు నూలు కాలితే
>
> గాంధీజీ మెచ్చిన పొందూరు సన్న ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాన్ని వడికితే 100 కౌంటు నూలు దిగుతుంది. పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటే అంత కౌంటు. ఆ లెక్కన 100 కౌంటు దారం మీటరు పొడవు తూగేది 6 మిల్లీగ్రాముల లోపే. బాంబ్ కెలోరీమీటర్‌లో వత్తిగా పది సెంటీమీటర్ల ముక్క వాడారనుకుంటే దాని బరువు 0.6 మిల్లీగ్రాములు. పత్తి గ్రాముకు సుమారు 17.5 కిలోజౌళ్లు ఇస్తుంది కాబట్టి ఆ ముక్క ఇచ్చే వేడి దాదాపు 10 జౌళ్లు. అర గ్రాము నూనె ఇచ్చే 19,700 జౌళ్ల ముందు అది రెండు వేలో వంతు. అయినా సరే తీసివేయకుండా వదలరు.

మంచు గడ్డల నుంచి ఉక్కు పాత్ర దాకా

ఈ ఆలోచన ఫ్రాన్స్‌లో మొదలైంది. 1782–83 చలికాలంలో లవోజియే, లాప్లాస్ అనే శాస్త్రవేత్తలు ఒక గినీపందిని మంచు నింపిన పాత్ర మధ్యలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో తూచారు. ఊపిరి తీయడమూ ఒక రకం మండడమేనన్న మాట అక్కడి నుంచే బలపడింది. దాదాపు నూరేళ్ల తర్వాత, 1881లో, అదే దేశానికి చెందిన బెర్తెలో అధిక ఒత్తిడి ఆక్సిజన్ నింపిన ఉక్కు పాత్రను తెచ్చాడు. ఇప్పటి పరికరాల్లో థర్మామీటర్లు, కంప్యూటర్లు మారాయి తప్ప పద్ధతి బెర్తెలోదే.

ఈ పరికరానికి ఇప్పుడు ఎక్కువ పని పెట్టేది బొగ్గు. థర్మల్ విద్యుత్ కేంద్రాలకు వచ్చే బొగ్గు నాణ్యతను ఇలా కాల్చే తేలుస్తారు. మన కేంద్రాల్లో మండే బొగ్గు కిలోకు సుమారు 4,000 కిలోకెలోరీలు ఇస్తే, కిలో నువ్వుల నూనె 9,400 ఇస్తుంది. ఆవకాయ జాడీలో పోసేది బొగ్గు కంటే రెండింతలకు పైగా గట్టి ఇంధనం.

ఏ నూనె ఎంత?

వంట నూనెల్ని ఒకే చోట వరుసగా కాల్చి చూసిన పనుల్లో 1982లో అమెరికాలో గోరింగ్ బృందం ప్రచురించినది పేరున్నది. నూనెలు డీజిల్‌కు బదులు పనికొస్తాయా అన్నది వాళ్ల ప్రశ్న. పదకొండు నూనెల్ని కొలిచారు. గ్రాముకు వేరుశనగ నూనె 39.8 కిలోజౌళ్లు, పొద్దుతిరుగుడు 39.6, పత్తి గింజల నూనె 39.5, నువ్వుల నూనె 39.3 ఇచ్చాయి. కిలోకెలోరీల్లోకి మారిస్తే వేరుశనగది 9.5, నువ్వులది 9.4. అయిదు మిల్లీలీటర్ల చెంచాకు తేడా అర కెలోరీ. తేలిక నూనె అంటూ వచ్చే ప్రకటనలు రంగు గురించో జిడ్డు గురించో చెబుతున్నాయేమో గానీ శక్తి గురించి మాత్రం కాదు.

ఆ జాబితాలో గుంపు నుంచి విడిపోయినది ఆముదం. గ్రాముకు 37.3 కిలోజౌళ్లే. ఆముదంలోని ప్రధాన కొవ్వు ఆమ్లానికి అదనంగా ఒక ఆక్సిజన్ పరమాణువు అతుక్కుని ఉంటుంది. అంటే ఆ మేరకు అది ముందే కాలినట్టు లెక్క. చక్కెర గ్రాముకు 4 కిలోకెలోరీల దగ్గరే ఆగిపోవడానికీ కారణం అదే. దాని బరువులో సగానికి పైగా ఆక్సిజనే. నూనెలో పదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే.

నూనెల మధ్య తేడాకు రెండో కారణం కొవ్వు ఆమ్లాల్లోని కర్బన గొలుసు పొడవు. కొబ్బరి నూనెలో ఆ గొలుసులు పొట్టివి కాబట్టి గ్రాముకు 9 కిలోకెలోరీల చిల్లరే ఇస్తుంది. ఉద్దానం కొబ్బరి తోటల పక్కనే ఉన్న సిక్కోలు జనం దాన్ని వంటకంటే తలకే ఎక్కువ వాడతారనుకోండి. నెయ్యిలోనూ పొట్టి గొలుసులు కొన్ని ఉండడం వల్ల బరువుకు బరువు చూస్తే అది నూనెల కంటే రవ్వంత తక్కువే. ‘నెయ్యి వద్దు, నూనె వేయండి’ అనేవాళ్లకు కెలోరీమీటర్ ఇచ్చే ఆసరా ఏమీ లేదు. సీతంపేట మన్యంలో సవరలు వండుకునే ఇప్పనూనెలో ఉండేవి పామాయిల్, వేరుశనగల్లో ఉండే కొవ్వు ఆమ్లాలే కనుక అదీ గుంపులోదే.

గానుగ నూనె, రిఫైన్డ్ నూనె మధ్య శక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా గింజ దగ్గర ఉంది. ఒకప్పుడు ఊరూరా తిరిగిన తెలికల వారి ఎద్దు గానుగలో నువ్వుల నుంచి నూనె పూర్తిగా దిగేది కాదు. మిగిలినది తెలకపిండిలో ఉండిపోయేది. తెలకపిండి కూరకు ఆ కమ్మదనం అక్కడిదే. ద్రావకాలతో నూనె పిండే మిల్లుల్లో పిండికి మిగిలేది దాదాపు శూన్యం.

9.4 కాస్తా 9 ఎలా అయింది?

కెలోరీమీటర్ 9.4 అంటుంటే ప్యాకెట్ 9 చొప్పున లెక్క కడుతుంది. మధ్యలో ఒక మనిషి ఉన్నాడు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం మిడిల్‌టౌన్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విల్బర్ ఓలిన్ ఆట్‌వాటర్. బాంబులో కాలినదంతా ఒంటికి అందుతుందా అన్నది అతని పట్టుదల.

1890లలో ఆట్‌వాటర్, భౌతిక శాస్త్రవేత్త రోజా కలిసి మనిషి పట్టేంత కెలోరీమీటర్ కట్టారు. లోపల మంచం, కుర్చీ, బల్ల. గోడల్లోంచి పారే నీరు ఆ మనిషి ఒంటి వేడిని మోసుకుపోతుంటే ఆ వేడిని కొలిచేవారు. పీల్చే గాలి, వదిలే గాలి, తినే తిండి, మలమూత్రాలు అన్నీ తూకమే. వాలంటీర్లు రోజుల తరబడి అందులో ఉండేవారు. ఒకసారి ఊరికే పడుకుని, మరోసారి కదలని సైకిల్ తొక్కుతూ.

తేలిందేమిటంటే, మామూలు భోజనంలో కొవ్వు 95 శాతం వరకు ఒంటపడుతుంది. 9.4లో 95 శాతం అంటే 8.9, గుండుగుత్తగా 9. మాంసకృత్తుల విషయంలో కోత ఎక్కువ. బాంబులో 5.65 ఇచ్చేది ఒంట్లో 4 దగ్గర ఆగుతుంది, మిగిలినదాంట్లో కొంత యూరియాగా మూత్రంలో పోతుంది. పిండి పదార్థాలకూ 4. ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతున్న 4, 9, 4 అంకెలు ఆట్‌వాటర్ లెక్కల్లోంచి వచ్చినవే.

> కణంలో చిల్లర నాణెం
>
> నూనె ఒంట్లో మంటగా మండదు. దాని శక్తి ముందు ఏటీపీ అనే అణువుల్లోకి చేరి, అక్కడి నుంచి కండరాలకు, మెదడుకు ఖర్చవుతుంది. ఆ ఏటీపీని వెలికితీసినవారిలో ఒకరు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు.

కూనూరు నుంచి తార్నాకకు

మన తిండికి ఇలాంటి లెక్కలు కట్టిన సంస్థ హైదరాబాద్ తార్నాకలో ఉంది. 1918లో తమిళనాడు కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు పరిశోధన కోసం మొదలుపెట్టిన ఒక్క గది ప్రయోగశాల అది. 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. కూనూరులో ఉండగా 1937లో అక్‌రాయిడ్ తెచ్చిన చిన్న పుస్తకం, 1971లో గోపాలన్ బృందం తెచ్చిన ఆహార విలువల పట్టికలు, 2017లో దేశమంతటి నుంచి 528 ఆహారాలను సేకరించి పరీక్షించిన కొత్త పట్టికలు. తెలుగు నాట డైటీషియన్లు చెప్పే అంకెల్లో చాలా వరకు వీటి నుంచి దిగినవే.

ఈ పట్టికల్లోని శక్తి అంకెల్ని ప్రతి ఆహారాన్నీ బాంబులో కాల్చి రాయలేదు. కొవ్వు, మాంసకృత్తులు, పిండి పదార్థాలు ఎంతెంత ఉన్నాయో రసాయన పరీక్షలతో తేల్చి, ఆట్‌వాటర్ తరహా అంకెలతో గుణించారు. నూనె ప్యాకెట్ కథా ఇదే. వంట నూనె నూటికి నూరు పాళ్లు కొవ్వు, గ్రాముకు 9, కాబట్టి 900. ఆ ప్యాకెట్‌లోని నూనెను ఎవరూ కాల్చి చూడలేదు, చూడాల్సిన అవసరమూ పెద్దగా లేదు. అమెరికా పట్టికల్లో మాత్రం అదే నూనెకు 884 కనిపిస్తుంది. అక్కడ గ్రాముకు 8.84 చొప్పున గుణిస్తారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువాళ్లు కొనే సీసా మీద టేబుల్ స్పూనుకు 120 అనో 130 అనో ఉంటుంది. 50 దాటితే పదికి సర్దేయమని అక్కడి నిబంధన.

లీటరా, కిలోనా?

ప్యాకెట్ అంకెల్లో నిజమైన తికమక ఇక్కడుంది. నూనె నీటి కంటే తేలిక. లీటరు నూనె 910 గ్రాముల దగ్గర తూగుతుంది. శక్తిని 100 గ్రాములకు రాస్తే 900, 100 మిల్లీలీటర్లకు రాస్తే దాదాపు 820. రెండు కంపెనీలు రెండు రకాలుగా రాస్తే ఒకదానిలో కెలోరీలు తక్కువన్న భ్రమ కలుగుతుంది.

ఉష్ణోగ్రతతో ఇంకో చిక్కు. వేడెక్కితే నూనె వ్యాకోచిస్తుంది. సోయా నూనె 21 డిగ్రీల వద్ద లీటరుకు 919 గ్రాములుంటే, 60 డిగ్రీల వద్ద 893 గ్రాములే. కొన్ని కంపెనీలు ఎక్కువ ఉష్ణోగ్రత ముద్రించి, తక్కువ బరువునే లీటరుగా అమ్ముతున్నాయని 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి బరువు కూడా రాయాలని ఆదేశించింది. ఆ 26 గ్రాముల తేడా విలువ దాదాపు 240 కిలోకెలోరీలు. కొనేవాళ్లు చూడాల్సింది గ్రాముల అంకెనే.

ఈ పరికరం చెప్పనివి

కెలోరీమీటర్‌కు కాలేదేదైనా ఒకటే. ఖనిజ తైలం పోస్తే వంట నూనె కంటే ఎక్కువ వేడి చూపిస్తుంది, గ్రాముకు 45 కిలోజౌళ్లు దాటి. మనిషి పేగులకు మాత్రం దాని నుంచి ఒక్క కెలోరీ అందదు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి 60 మందికి పైగా చనిపోయారు. ఆ కల్తీ నూనెను బాంబులో కాల్చి ఉంటే మామూలు నూనెలాగే కనిపించేది. దాన్ని పట్టేది వేరే రసాయన పరీక్షలు.

పునుగుల బండి మీద మరిగి మరిగి నల్లబడిన నూనె సంగతీ అంతే. దానికి వాడే కొలత పోలార్ పదార్థాల శాతం. 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. నువ్వుల నూనె తొందరగా కనరు పట్టకుండా కాపాడే సెసమాల్ వంటి పదార్థాలు, గానుగ నూనె వాసన, సంతృప్త కొవ్వు పాళ్లు, ఇవేవీ రెండు డిగ్రీల వేడిలో కనిపించవు. నూనెల్లో ఏది మంచిదన్న చర్చ నడవాల్సింది వీటి మీద. కెలోరీల మీద నడిపితే వృథా.

> ప్రమిదతో చూడొచ్చు
>
> హైస్కూలు పిల్లలు చేయదగ్గ ప్రయోగం ఇది, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ప్రమిదలో నువ్వుల నూనె పోసి, వత్తి వేసి, తూచి వెలిగించాలి. పైన పలుచని డబ్బాలో 200 మిల్లీలీటర్ల నీరు, అందులో థర్మామీటర్. కొంతసేపటికి ఆర్పి మళ్లీ తూచాలి. ఒక గ్రాము నూనె ఖర్చయితే లెక్క ప్రకారం నీరు 47 డిగ్రీలు వేడెక్కాలి. అందులో సగం కూడా పెరగదు. మిగిలిన వేడి గాలికి, డబ్బాకు పోతుంది, డబ్బా అడుగున పట్టిన మసి కాలని నూనె. ఆ నష్టాలు లేకుండా చేయడానికే ఉక్కు పాత్ర, ఆక్సిజన్, చుట్టూ నీరు.

నలుగురి ఇంట్లో నెలకెంత?

జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 కిలోకెలోరీల రోజు భోజనానికి చూపిన నూనె 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి రోజుకు 108 గ్రాములు, నెలకు మూడున్నర లీటర్లు. కూర్చుని చేసే పని ఉన్న మహిళకు అదే సంస్థ లెక్కలో రోజుకు కావాల్సింది 1,660 కిలోకెలోరీలు, బరువు పనులు చేసే మహిళకు 2,720. పొలంలో నాట్లేసి చోడి అంబలి తాగే మనిషికీ, రోజంతా కూర్చుని పనిచేసే మనిషికీ ఒకే నూనె కొలత సరిపోదు.

వాడకం మాత్రం ఆ గీత దాటి చాలా దూరం పోయింది. నీతి ఆయోగ్ 2024 నివేదిక ప్రకారం దేశంలో తలసరి వంట నూనె వాడకం ఏడాదికి 19.7 కిలోలు. రోజుకు 54 గ్రాములు, అంటే 486 కిలోకెలోరీలు. అందులో ఇంటి మూకుడులో కాగేది కొంతే. మిగిలినది బిస్కెట్లు, మిక్చర్లు, హోటల్ కూరల్లో వస్తుంది. బంగాళాదుంప చిప్స్ బరువులో మూడో వంతు నూనే. వేగుతున్నప్పుడు ముక్కలోని నీరు ఆవిరై పోయిన చోట్లలోకి నూనె చేరుతుంది.

అలా దాగిన నూనెను కొలవాలంటే కెలోరీమీటర్ ఒక్కటే చాలదు. చిప్స్‌ను పొడి చేసి, 1879లో జర్మన్ శాస్త్రవేత్త సాక్స్‌లెట్ తయారుచేసిన గాజు పరికరంలో ద్రావకంతో గంటల తరబడి కడిగి, దిగిన కొవ్వును తూచి 9తో గుణిస్తారు. మనిషి రోజంతా తిన్నదాంట్లో మొత్తం ఎంత శక్తి ఉందో తేల్చాలంటే పరిశోధకులు అదే భోజనం రెండో పళ్లెంలో పెట్టించుకుంటారు. అన్నం, పప్పు, వేపుడు, పచ్చడి అన్నీ కలిపి రుబ్బి, ఆరబెట్టి, బిళ్ల చేసి బాంబులో పెడతారు.